జిప్ నీ దగ్గరే ఉన్నాడు

ఓరొరూ, దక్షిణ ఆస్ట్రేలియా
17 మే 1998, ఆదివారం

తమ్ముడు కర్ట్‌కు,

ప్రభువు సమాధానం నీకు తోడుండాలని కోరుతూ పెద్దక్క హెల్గా రాయునది. నేనూ నాన్నా ఆరోగ్యంగానే ఉన్నాం. మూడు వారాలుగా నువ్వు ఫోను ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

వాన ఇంకా పడలేదు. గొర్రెలు ఈనుతున్నాయి. నక్కలకు నువ్వు పెట్టిన విషపు మాంసం బాగా పనిచేసిందని, ఈసారి పిల్లలన్నీ దక్కాయని పక్క పొలం ట్రౌట్‌మన్ కంచె దగ్గర చెప్పాడు. పాపం, మంచి మాటగానే అన్నాడు. నేను లోపలికి వచ్చేశాను.

జిప్‌ను పూడ్చిన చోట ఒక రాయి పెట్టాను. మన పాత కుక్కలు నెల్, రస్టీల పక్కన బాగుంది.

నెల్ నీకు తెలియదు, నువ్వు పుట్టకముందే పోయింది. చర్చి బయట కూర్చుని, లోపల మేం పాట ఎత్తుకోగానే తనూ ఎత్తుకునేది. "హార్ట్‌విగ్, మీ ఇంట్లో శ్రుతి తెలిసింది దానికొక్కదానికేనయ్యా" అని పాస్టరుగారు నాన్నను ఏడిపించేవారు. రస్టీ నీ ప్రాణం కాపాడింది. తప్పటడుగులు వేస్తూ నువ్వు చెరువు వైపు వెళ్తుంటే, గొర్రెపిల్లను మళ్లించినట్టు మళ్లించి ఇంటికి తోలుకొచ్చింది. అమ్మ ఆ పూట తన పళ్లెంలో మాంసం దానికి పెట్టేసింది.

ఇంట్లోకి రానిచ్చింది మాత్రం జిప్ ఒక్కడినే, అదీ అమ్మ పోయాక. సాయంత్రం ప్రార్థనకు బల్ల కింద పడుకుని, ఆమెన్ వినగానే లేచి నిలబడేవాడు. నువ్వు పోర్ట్ అగస్టా నుంచి వచ్చినప్పుడల్లా ప్రార్థన మధ్యలో మెల్లగా ఆమెన్ అని వాణ్ణి లేపేవాడివి. నాన్న కళ్లు తెరవకుండానే, "ఒరేయ్, దేవుడికీ చెముడు లేదు, నాకూ లేదు" అనేవారు. ఇప్పుడు ఆమెన్ అన్నాక బల్ల కింద చప్పుడు ఉండదు. నేనే కాసేపు లేవలేకపోతున్నాను.

విషం పెట్టే వారంలో మూతికి చిక్కం లేకుండా కుక్కను గడప దాటించకూడదని మన ఇళ్లలో నడక కంటే ముందు నేర్పుతారు. ఆ రోజు నువ్వు నాన్ననూ జిప్‌నూ గాలిమర నీళ్ల తొట్టి దగ్గర బండితో సహా వదిలి, కంచె వెంట నడిచి వెళ్లావు. తిరిగొచ్చేసరికి నాన్న బండిలో కునుకు తీస్తున్నారు, జిప్ కనిపించలేదు. నాన్నను ఇంటి దగ్గర దింపి మళ్లీ వెతకడానికి పరుగెత్తావు. నీకు దొరికేసరికి అంతా అయిపోయింది. వాడి మూతికి చిక్కం లేదు.

"పట్టీ నేనే సరిగ్గా బిగించలేదక్కా. నాన్న నాకు నేర్పిన మొదటి పని, అది కూడా చేతకాలేదు" అన్నావు. నువ్వే పూడ్చావు. భోజనం ముట్టకుండా బండెక్కావు.

నాన్నకు ఏమీ తెలియదు. ఆయన మతి ఎలా ఉందో నువ్వు చూశావు, నన్ను అమ్మ పేరుతో పిలుస్తున్నారు. నువ్వు వెనక గొయ్యి తవ్వుతుంటే, "కుక్కేదమ్మా?" అని అడిగారు. కర్ట్ పోర్ట్ అగస్టా తీసుకెళ్తున్నాడు అన్నాను. ఎలా వచ్చిందో నోటికి. "రైల్వేవాడికి గొర్రెల కుక్క ఎందుకు? రైలుపెట్టెల్ని తోలిస్తాడా?" అని నవ్వారు.

అయినా రోజూ వరండాలోకి వెళ్లి ఈల వేస్తారు. వేసి ఆగుతారు. నేను వెళ్లి, జిప్ కర్ట్ దగ్గర ఉన్నాడు కదా నాన్నా అంటాను. "అవునవును, ఫోను కలుపు, తిండి సరిగ్గా పెడుతున్నాడో లేదో అడుగుతా" అంటారు. కలుపుతాను. అది మోగుతూనే ఉంటుంది.

ఇంతవరకూ నిన్ను అబద్ధమాడమని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఫోను ఎత్తు.

నీ కోసం రోజూ ప్రార్థించే
అక్క హెల్గా

తా.క.: ఇది రాయాలో వద్దో తెలియక, కవరు అంటించకుండా మోకరించి లేచాను. నిన్న నాన్న పొలం కోటు ఉతకబోతే జేబులో జిప్ చిక్కం దొరికింది. పట్టీ తెగలేదు, జారిపోలేదు. జాగ్రత్తగా విప్పి, చుట్ట చుట్టి ఉంది. ఇదేంటి నాన్నా అని అడిగాను. "తొట్టిలో మూతి పెట్టి తాగలేక నా వంక చూశాడమ్మా. జాలేసి విప్పాను. మళ్లీ తొడగలేదా ఏంటి? కర్ట్ కోప్పడ్డాడా?" అన్నారు. లేదు నాన్నా, కడుపు నిండా తాగాడు అన్నాను.

పట్టీ నువ్వు సరిగ్గానే బిగించావు, తమ్ముడూ. ఆయన ముందు ఈ మాట ఎప్పటికీ ఎత్తకు. జిప్ బాగున్నాడని మాత్రం చెప్పు. ఆ అబద్ధానికి పైన జవాబు నేను చెప్పుకుంటాను.