బళ్లారికి పద్నాలుగు గంటలు

బళ్లారి, ఏప్రిల్ 3

ప్రభువునందు తమ్ముడు జాబెజ్‌కు, అన్న జీవానందం వందనాలు.

నా ఫోన్ ఎత్తడం మానేసి, చివరికి నంబరే మార్చేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఒక్కటే ప్రశ్న. ఢిల్లీలో బయలుదేరితే బళ్లారి చేరడానికి నీకు ఎంతసేపు పడుతుంది? మన సంఘానికి ఉన్నది ఒకే ఒక ఫ్రీజర్ పెట్టె. శవాన్ని ఎన్ని గంటలు ఉంచాలో ముందే రాయించుకున్నవాళ్లకే ఇస్తారట. బెంగళూరుకు విమానం రెండు ముప్పావు గంటలని పేపర్లో చూసి, మూడు గంటలని రాయించాను.

ఇట్లు,
జీవానందం, గనుల్లో రిటైర్డ్ టైమ్‌కీపర్

తా.క. మీ వదినే అడగమంది. నాకైతే తొందరేం లేదు.

*

ఢిల్లీ, ఏప్రిల్ 10

అన్నకు జాబెజ్ వందనాలు.

పెట్టెలో పడుకోవడానికి కూడా టైమ్ రాయించుకునే మనిషివి నువ్వొక్కడివే. రెండు ముప్పావు అంటే గాల్లో ఉండేదే. ఇల్లు వదిలి విమానం ఎక్కేసరికి నాలుగు గంటలు. సామాను చేతికి రావడానికి అరగంట. బెంగళూరు నుంచి మూడొందల పది కిలోమీటర్లు, రోడ్డు మీద ఆరు ముప్పావు. మొత్తం పద్నాలుగు గంటలు. ఇంతకీ నీ జబ్బేంటి?

ఇట్లు, జాబెజ్

తా.క. అమ్మను నాలుగింటికి పూడ్చావు. నేను నాలుగూ నలభైకి వచ్చాను. నలభై నిమిషాలు ఆగలేని మనిషికి పద్నాలుగు గంటలెందుకు?

*

బళ్లారి, ఏప్రిల్ 17

తమ్ముడికి అన్న దీవెనలు.

విమానం పోగా మిగిలిన పదకొండుంపావు గంటలూ నీ కోపమే కదరా. కోపాన్ని కిలోమీటర్లలో చెప్పడం నీకే చెల్లింది. జబ్బు సంగతి వదిలెయ్. పెట్టెను పద్నాలుగు గంటలకు మార్పించాను. "నడుమ కరెంటు పోతే ఏం చేస్తావప్పా?" అన్నాడు పాస్టర్. నువ్వొచ్చేదాకా విసనకర్రతో విసురుతానన్నాను. అమ్మను పూడ్చినప్పుడు గడియారం చూశాను కానీ స్మశానం గేటు వైపు చూడలేదు. తప్పు నాదే.

ఇట్లు, జీవానందం

తా.క. మీ వదిన పడుకునే నీ ఉత్తరం చదివించుకుంది. నాలుగూ నలభై దగ్గర ఆపి, మళ్లీ చదవమంది.

*

ఢిల్లీ, ఏప్రిల్ 24

అన్నకు,

కోపం కాదు, ట్రాఫిక్. సరే, సగం కోపమే. సంచీ సర్ది తలుపు దగ్గర పెట్టాను. వదిన నన్ను ఎత్తుకుని బడికి తీసుకెళ్లిన మనిషి, ఆమె అడిగిందంటే వస్తాను. ఈసారి గడియారం మాత్రం చూడకు.

నీ జాబెజ్

తా.క. కొత్త నంబరు కవరు వెనక రాశాను. పోయాక నువ్వే ఫోన్ చేయలేవు, ఎవరికైనా అప్పగించు.

*

బళ్లారి, మే 1

జాబెజ్,

పెట్టె నాకు కాదురా. మీ వదినకు. నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. "నా మీద జాలితో రాగూడదు. నీ మీద కోపం పోయి రావల్ల" అంది.

మంగళవారం తెల్లవారకముందే, రెండింటికి పోయింది. పద్నాలుగు గంటలు కలిపి సమాధి సాయంత్రం నాలుగింటికి పెట్టాను. నాలుగైంది. ఎవరినీ మట్టి వేయనివ్వలేదు. గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. నాలుగూ నలభై అయింది. గుంత తవ్వే హులిగెప్ప దగ్గరికొచ్చి, "నీ తమ్ముడు యాడిదాకా వచ్చినాడప్పా? ఫోన్ చేసి చూడు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, నీకు ఎవరూ చెప్పలేదని. నా దగ్గర నంబరే లేదు. నువ్వు రావడానికి పట్టే గంటలన్నీ లెక్కేశాను. నీకు చెప్పడానికి పట్టేది లెక్కేయలేదు. ముప్పై ఏళ్లు టైమ్‌కీపర్‌గా చేసిన వెధవని.

నీ నంబరున్న ఉత్తరం ఈరోజు అందింది. నొక్కాను, మోగేలోపే పెట్టేశాను. ఏడుపొస్తోందిరా.

నీ అన్న

తా.క. చివరికి అందరూ మట్టి వేశారు, నీ వంతు మాత్రం ఎవరినీ వేయనివ్వలేదు. గుడ్డలో కట్టి మీ వదిన మంచం కింద పెట్టాను. గడియారం బీరువాలో పడేశాను. నీకు ఎప్పుడు వీలైతే అప్పుడు రా.