బస్సు కిటికీ ఏ రీల్లో ఉంది?

ప్రియమైన డబ్బాల డాక్టరుకి,

నువ్వు ఆ ఊళ్ళో, నేను ఈ ఊళ్ళో కాబట్టి ఈ ఉత్తరం మీ స్టోరు వ్యాన్ డ్రైవరు చేతికిస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఆ ఫోన్ మీ ఆఫీసు మధ్యలో ఉంది. మనిద్దరం సినిమాల గురించి మాట్లాడుకుంటే పక్కవాళ్ళకి మొగుడూ పెళ్ళాల పోట్లాటలాగే వినిపిస్తుందని మీ మేనేజరు నాతో ఒకసారి అన్నాడు. కాగితం మీదైతే ఒకరి మాటకి ఒకరు అడ్డురాలేం.

విషయం ఇది. ఫిలిం సంస్థవాళ్ళు ఏటా ‘మళ్ళీ చూడదగ్గ చిత్రం’ అని ఒక పాత సినిమాని ఎంచుకుంటారు కదా. దానికి కొత్త కాపీ తీయించి హాళ్ళలో ఆడిస్తారు. ఈసారి ఐదుగురు సభ్యుల్లో నన్నూ వేశారు. నా భార్య పాత రీళ్ళు దాచే ఫిలిం స్టోరులో పని చేస్తుందని అధ్యక్షుడికి ముందే చెప్పాను. ఆయన రిటైర్డు జడ్జి. “ఆవిడ డబ్బాలు చూసుకుంటారు, మీరు సినిమాలు చూడండి” అన్నాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి పడవ సినిమా, ఒకటి కుట్టుమిషన్ సినిమా. వాటిని మనం ఇంట్లో అసలు పేర్లతో ఎప్పుడూ పిలవలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు? రెండూ ఒకే ఏడాది వచ్చాయి. పెద్ద అవార్డు పడవకి వెళ్ళింది. కుట్టుమిషన్ వారం తిరక్కుండా హాల్లోంచి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే ఒక మ్యాట్నీకి, ఖాళీ హాల్లో, అప్పటికింకా పెళ్ళికాని మనిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆ అవార్డు అన్యాయమని అప్పట్నుంచీ పత్రికలో రాస్తూనే ఉన్నాను. నన్ను సభ్యుడిగా వేసింది కూడా అందుకేనేమో.

కుట్టుమిషన్ ప్రింటు మీ స్టోరులో ఉందట. వచ్చే నెల మేం చూడాలి. డబ్బా తెరిచి ఎలా ఉందో రాయి. కొంచెం కంగారుగా ఉంది.

నీ జవాబు కోసం వ్యాన్ చప్పుడు వింటూ,
నీ రిపోర్టరు

•

ప్రియమైన రిపోర్టరు గారికి,

కొంచెం కంగారు చాలదు. మిగతాది నేను పంపుతున్నాను.

మూత తీయగానే వెనిగర్ వాసన ముక్కుకి కొట్టింది. మా పనిలో ఆ వాసన వచ్చిందంటే జబ్బు ముదిరిందని అర్థం. ఫిలిం కుంచించుకుపోయింది. అంచుల్లోని చిల్లులు ప్రొజెక్టరు పళ్ళకి సరిపోవు. సరిపోని చిల్లులో పన్ను దిగితే ఫిలిం చిరుగుతుంది. చివరి రీళ్ళు రెండూ ఎండలో పెట్టిన అట్టలా వంకర్లు తిరిగాయి.

నెగటివ్ లేదు. నిర్మాత దివాలా తీశాక ల్యాబ్‌వాళ్ళు పారేశారు. ఇంకో ప్రింటు ఉందేమోనని నాకు తెలిసిన స్టోర్లన్నిటికీ రాశాను. లేదు. లోకంలో ఉన్నది ఇదొక్కటే, అదిప్పుడు నా బల్ల మీద మూలుగుతోంది.

పడవ సంగతి వేరు. అవార్డు వచ్చింది కాబట్టి బయట దేశాలకి పంపడానికి కాపీలు తీశారు. టీవీవాళ్ళు కొన్నారు. నెగటివ్‌ని చలి గదిలో పెట్టారు. అవార్డు ఇచ్చినవాళ్ళు మంచి సినిమానే ఎంచుకున్నారో లేదో మీరు తేల్చండి. ఏ సినిమా బతకాలో మాత్రం వాళ్ళు ఆ రోజే తేల్చేశారు.

దీనికి కొత్త కాపీ తీయడం కుదరని పని కాదు. కాపీ తీసే యంత్రానికి పళ్ళుండవు, మెత్తటి రోలర్ల మీద నడుస్తుంది, ఈ రోగిని కూడా తట్టుకుంటుంది. అది మా దగ్గర లేదు. ఉన్నచోట వరుసలో నిలబడ్డవన్నీ ఏదో ఒక అవార్డు తెచ్చుకున్నవే. మీరు ఎంపిక చేస్తే ఇది వరుసలో ముందుకి వస్తుంది. లేకపోతే వచ్చే వేసవి దాటదు.

ప్రొజెక్టరు మీద ఎక్కిస్తే అంతదాకా కూడా ఉండకపోవచ్చు. కాబట్టి పంపను. మీ ఐదుగుర్నీ ఇక్కడికే రమ్మనండి. బల్ల మీద పెట్టి చేత్తో తిప్పి చూపిస్తాను.

వేళకి తిని పడుకోండి. కంగారు నాకు వదిలెయ్యండి, నాకు జీతమిచ్చేది అందుకే.

మీ
డబ్బాల డాక్టరు

•

ప్రియమైన డాక్టరుకి,

నీ మాట సమావేశంలో చెప్పాను. ఎవరూ రారు.

మిగతా సభ్యుల్లో ఒకావిడ నటి, ఒకాయన కాలేజీ మాస్టారు, ఒకాయన సినిమా హాలు ఓనరు. ముందు ఓనరే కొట్టిపారేశాడు. బల్ల మీద చూసి ఓటెయ్యడమంటే ఎక్స్‌రే చూసి మనిషి అందంగా ఉందనడమేనట. జడ్జిగారు నిబంధన చదివి వినిపించాడు. ఐదుగురూ కలిసి, హాల్లో, తెర మీద, మొదట్నుంచి చివరిదాకా చూడాలి. అలా చూడని సినిమాకి ఓటు లేదు. ఒక ఏడాది సభ్యులు జ్ఞాపకాన్ని బట్టి ఓట్లేసి, ఇద్దరు పొరపాటున వేరే సినిమాని పొగిడారట. అప్పట్నుంచి ఈ నిబంధన. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

ప్రింటు రాకపోతే పోటీలో పడవ ఒక్కటే మిగులుతుంది.

బయటికొచ్చేటప్పుడు నటి ఆగి, నేను వ్యాసాల్లో రాసిన బస్సు కిటికీ సీను చూడాలని తనకి ఎప్పట్నుంచో ఉందంది. నీకు గుర్తుందిగా? కుట్టుపని చేసే ఆవిడ ఊరు వదిలి వెళ్తూ బస్సు కిటికీ దగ్గర కూర్చుంటుంది. బస్సు కదులుతుంది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది, మళ్ళీ చూడదు. మాట లేదు, సంగీతం లేదు. ఆ ఒక్క షాటు పడవ సినిమా మొత్తానికి సమానమని రాశాను. ఇప్పటికీ అదే అంటాను.

పంపితే చిరగొచ్చు. పంపకపోతే ఖాయంగా పోతుంది. ఇందులో ఏది నయమో చెప్పే చదువు నాకు లేదు. నువ్వు వద్దంటే మళ్ళీ అడగను.

కాళ్ళు నిలవకుండా తిరుగుతున్న
నీ రిపోర్టరు

•

ప్రియమైన రిపోర్టరు గారికి,

తీసుకొస్తాను. నేనే వస్తాను, వ్యాన్‌లో రీళ్ళ పక్కన కూర్చుని.

చిరిగిన చిల్లుల్ని ఒక్కొక్కటీ టేపుతో అతుకుతున్నాను. కాగితం మీద సంతకం పెట్టబోతూ మేనేజరు “ఏమన్నా అయితే?” అని కలం ఎత్తేశాడు. అయితే నన్నే అనమన్నాను. కలం దించాడు. ఇప్పుడు ఏమన్నా అయితే అనేవాళ్ళు ఇద్దరున్నారు, ఆయనా, మీరూ.

ఒక సంగతి అడగాలి. అన్ని రీళ్ళూ చేత్తో తిప్పాను. మీ బస్సు కిటికీ ఎక్కడా కనపడలేదు. చివర్లో ఒక బస్సు ఉంది, దూరంగా రోడ్డు మీద వెళ్తుంది, అంతే. లోపల ఎవరున్నారో తెలీదు. మధ్యలో ఎవరన్నా కత్తిరించి అతికారేమోనని అంచులు వేలితో తడిమి చూశాను. అక్కడ ఒక్క అతుకూ లేదు. మీరు చెప్పే సీను ఏ రీల్లో ఉంది?

నాకు గుర్తులేదా అని అడక్కండి. ఆ మ్యాట్నీలో నేను తెర వైపు ఎంతసేపు చూశానో మీకే తెలియాలి.

మీ
డబ్బాల డాక్టరు

•

ప్రియమైన డాక్టరుకి,

నీ ఉత్తరం చదివి ముందు ఎవరో కత్తిరించి ఉంటారనుకున్నాను. అతుకు లేదని నువ్వంటే లేనట్టే.

ఆఫీసులో మా సబ్ఎడిటర్ని అడిగాను. నా వ్యాసాలు ఏళ్ళ తరబడి దిద్దిన మనిషి. “గురువుగారూ, మొదట్లో బస్సు ఒక్కటే ఉండేది. తర్వాత వాన మొదలైంది. పోయినసారి ఆవిడ కిటికీ అద్దం మీద వేలితో ఏదో రాసింది కూడా. వచ్చే ఏటికి బస్సు దిగి వచ్చేస్తుందేమో అనుకున్నా” అంది. పక్క బల్లలవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆ సీను గురించి ఇంకెవరన్నా రాశారా అని వెతికాను. రాశారు, అందరూ నన్ను చూసే. రెండో ఆధారం లేనిదే ఏ వార్తా అచ్చుకి పంపొద్దని కొత్తగా చేరినవాళ్ళకి చెబుతుంటాను. దీనికి మొదటి ఆధారమే అనుమానంగా ఉంది.

ఇప్పుడు నా భయం ఒకటి కాదు. ప్రింటు మధ్యలో చిరుగుతుందని ఒకటి. చిరక్కుండా చివరిదాకా ఆడుతుందని ఇంకొకటి. ఆ నటి నా పక్క సీట్లో కూర్చుని కిటికీ కోసం ఎదురుచూస్తుంది.

అయినా తీసుకురా.

నీ
రిపోర్టరు

•

ప్రియమైన రిపోర్టరు గారికి,

మీ ఎదురుగానే ఉండి మీతో మాట్లాడకుండా వచ్చేశాను. ఓటయ్యేదాకా మీరు బయటివాళ్ళతో మాట్లాడకూడదు. రీళ్ళని వెంటనే చలి గదికి చేర్చాలి. భోజనానికి కూడా వ్యాన్ ఆపనివ్వలేదు. డ్రైవరు ఇంకా అలిగే ఉన్నాడు.

ప్రొజెక్టరు గదిలో మిషన్ పక్కనే నిలబడ్డాను. సినిమా చూడలేదు, విన్నాను. మాటలు కాదు, పళ్ళ చప్పుడు. అది మారితే చిరుగు మొదలైనట్టు. ఆపరేటరు మంచివాడు. “అమ్మా, మీరు ఊపిరి తీసుకోండి, దానివల్ల మిషన్ ఆగదు” అన్నాడు. తీసుకోబోయేసరికి తెగింది.

చివరిదానికి ముందు రీలు. ఫిలిం మీది కొన్ని బొమ్మలు నలిగి ముక్కలయ్యాయి, అవి ఇక లేవు. మిగిలిన కొసలు అతికాను. చిన్న కిటికీలోంచి చూస్తే హాల్లో మీ ఐదు తలలు. దీపాలు వెలగ్గానే నాలుగు తలలు వెనక్కి తిరిగి నా వైపు చూశాయి. మీది తిరగలేదు.

ఎందుకు తిరగలేదు? సినిమా అంత బాగుందా, అంత బాగాలేదా?

చివరి రీలు ఎలాగో ఆడింది, ఇక ఏ ప్రొజెక్టరు మీదా ఎక్కదు. రోలర్ల యంత్రం ఒక్కటే దిక్కు. ఓటేమైంది? వ్యాన్ వచ్చిన ప్రతిసారీ గేటు దాకా వెళ్ళి వస్తున్నాను. వాచ్‌మన్ నాకు కుర్చీ వేస్తానంటున్నాడు.

మీ
డాక్టరు

•

ప్రియమైన నీకు,

ముందు వార్త: కుట్టుమిషన్ గెలిచింది. ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. ఇప్పుడు వివరాలు. కూర్చుని చదువు, ఆ కుర్చీ వేయించుకో.

కిటికీ లేదు. చివర్లో బస్సు దూరంగా వెళ్ళిపోయింది, దీపాలు వెలిగాయి, నటి నా వైపు చూసింది. “నేను తప్పు రాశానండీ” అన్నాను. అంతకంటే పెద్ద వాక్యం దొరకలేదు.

నేను రాయని సంగతి ఒకటి ఉంది అందులో. పెద్దవయసులో ఆవిడ సూదిలో దారం ఎక్కించబోతుంది. ఎక్కదు. కెమెరా కదలదు. మళ్ళీ ప్రయత్నిస్తుంది. నా ముందు వరసలో కాలేజీ మాస్టారి చెయ్యి తెలియకుండానే సాయానికన్నట్టు పైకి లేచింది. ఇన్నేళ్ళూ ఆ సినిమాని నెత్తిన పెట్టుకున్నవాణ్ణి, ఆ సీను నాకు గుర్తే లేదు.

మర్నాడు పొద్దున పడవ చూశాం. ఇది మాత్రం నీకు రాయాలి. పడవే మంచి సినిమా. కుట్టుమిషన్ మొదటి సగం సాగుతుంది, ఆవిడ తమ్ముడి కథ ఎందుకుందో తెలీదు. పడవలో ఒక్క చోటా తల తిప్పుకోలేకపోయాను. ఆ ఏడాది అవార్డు ఇచ్చినవాళ్ళు సరిగ్గానే ఇచ్చారు.

ఓటు నా దగ్గరికి వచ్చేసరికి రెండూ రెండూ. నటి, మాస్టారు కుట్టుమిషన్‌కి. ఓనరు, జడ్జిగారు పడవకి. ఏది మంచిదని జడ్జిగారు అడిగితే పడవన్నాను. ఓటు కుట్టుమిషన్‌కన్నాను. ఓనరు చేతిలో కప్పు కింద పెట్టాడు.

“అన్యాయం జరిగిందని ఇన్నేళ్ళు రాశారు. ఇప్పుడు జరగలేదంటున్నారు. ఓటు మాత్రం దీనికే అంటున్నారు. మీ ఒంట్లో బాగానే ఉందా?”

బయట బోర్డు మీద ‘ఉత్తమ’ అని లేదు, ‘మళ్ళీ చూడదగ్గ’ అని ఉందన్నాను. పడవని ఎవరైనా ఎప్పుడైనా చూస్తారు. “రేపు ఇంకొకడు వచ్చి నా అభిప్రాయమే తప్పు, కుట్టుమిషనే గొప్పదనొచ్చు. అలా అనడానికైనా వాడికి రెండూ ఉండాలి కదండీ” అన్నాను. జడ్జిగారు అది కాగితం మీద రాసుకున్నాడు.

నా తల ఎందుకు తిరగలేదని అడిగావు. ప్రింటు తెగి తెర తెల్లగా మారినప్పుడు నాకు కిటికీ ఎక్కడిదో తెలిసింది. అది సినిమాలోది కాదు. ఆ మ్యాట్నీ అయ్యాక నువ్వు బస్సెక్కావు. కిటికీ దగ్గర కూర్చున్నావు. బస్సు కదిలాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూశావు. నేను స్టాపులో నిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళూ పత్రికలో నేను పొగిడింది నిన్ను. వెనక్కి తిరిగితే చిన్న కిటికీలో మళ్ళీ నువ్వే ఉంటావు. అందరి ముందూ ఏమైపోతానో అనిపించి తిరగలేదు.

నీ
రిపోర్టరు

•

ప్రియమైన రిపోర్టరు గారికి,

రీళ్ళు బయల్దేరాయి. మొదటిది రోలర్ల మీద బాగానే నడిచిందని కబురొచ్చింది. చివరిది ఇంకా ఎక్కించలేదు. అది ఎక్కి దిగిందని తెలిసేదాకా నాకు అన్నం సహించదు.

మీ ఉత్తరం వాచ్‌మన్ వేసిన కుర్చీలోనే కూర్చుని చదివాను. చివరి పేరా రెండుసార్లు చదివి, మీకు నిజం చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చెప్పకపోతే వచ్చే ఏటికి అందులో కూడా వాన మొదలవుతుంది.

ఆ రోజు నాకు సీటు దొరకలేదు. బస్సు కిక్కిరిసి ఉంది. రాడ్ పట్టుకుని నిలబడ్డాను, ఎవరిదో మోచెయ్యి నా ముఖానికి అడ్డంగా ఉంది. కిటికీ దగ్గర కూర్చుని తిరిగి చూసినావిడ ఎవరో నాకు తెలీదు. మీ వెనకాల ఏదన్నా దుకాణం చూసిందేమో.

నేనూ చూశాను, ఆ మోచేతి కిందనుంచి వంగి. మీరు తల దించుకుని టికెట్ ముక్కని చొక్కా జేబులో జాగ్రత్త చేసుకుంటున్నారు. నా వైపు చూడలేదు. ఇది ఇన్నాళ్ళూ నాలోనే ఉంచుకున్నాను. రెండో ఆధారం లేదు, నా మాటే నమ్మాలి.

ఆదివారం వ్యాన్‌లో వస్తున్నాను. ఈసారి ముందు సీటే, కిటికీ పక్కన. స్టాపులో నిలబడి సరిగ్గా చూసుకోండి. మళ్ళీ చూడకుండా మాత్రం నా గురించి ఏమీ రాయకండి.

మీ
డబ్బాల డాక్టరు