దిగుడుబావి మెట్లు

పంచాయతీ పెద్దకు,

దిగుడుబావి మెట్లు మూయించి గిరక పెట్టిస్తానని నువ్వు నాకు మాటిచ్చి పదిహేనేళ్ళయింది. కాల్లోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే నారికురుపు ఆ నీళ్ళు తాగితేనే వస్తుందని పుస్తకం చూపిస్తే, "కితాబు సదివి దూప తీర్చుకుంటవా మామా?" అని నలుగురిలో నవ్వావు.

పోయిన వేసవిలో నీ కోడలు యంకవ్వ, కురుపు మంట తాళలేక, కాలు బావిలో పెట్టి కూర్చుంది. ఆ కురుపులోంచే పురుగు పిల్లలు నీళ్ళలోకి దిగుతాయని తెలిసీ, నీ మీది కోపంతో నేను లెమ్మనలేదు. మా ఇంట్లో మాత్రం నీళ్ళు గుడ్డతో వడపోసుకున్నాం. ఈ ఏడు అదే కురుపుతో సగం ఊరు మంచాన పడింది.

పురుగు తెచ్చిందని ఆమెను జాలహళ్ళిలోని పుట్టింటికి పంపేశావట. వెంటనే తీసుకురా. ఆమెకు తెలియదు. నాకు తెలుసు, అందుకే నా తప్పు నాకుంది. మిగిలినదంతా ఇప్పటికీ నీదే, బసన్నా.