మూడు సదస్సులు, ఒక్క పేరు

సూర్యాపేట,
8 జూలై 2013

ప్రియమైన సుజాతా,

ఫోన్ చేయకుండా ఈ కవరు ఏమిటని అనుకుంటావు. నా దగ్గరున్న ఒక్క ఫోనూ ఆఫీసుదే. అందులో ఎవరికి ఫోన్ చేసినా, ఏం టైపు చేసినా మా మేనేజర్ మోతీలాల్ సార్ చూడగలరు. ఆ ఏర్పాటు చేసింది నేనే. అందుకని కాగితం.

విత్తనాల కంపెనీలో నా పని నీకు తెలిసిందే. ఊళ్లు తిరిగే ఫీల్డ్ వాళ్లకు టాబ్లెట్లు ఇవ్వడం, ఎవరైనా పోగొట్టుకుంటే ఇక్కడినుంచే తాళం వేయడం, కొత్త సాఫ్ట్‌వేర్ అన్నింటిలోకీ పంపడం. ఈ ఏడు నన్ను ఒక సదస్సుకు కంపెనీ ఖర్చుతో పంపుతామన్నారు. మూడు ఉన్నాయి. హైదరాబాద్‌ది సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు పెట్టేది. చెన్నైది భద్రత మీద. బెంగళూరులో మనలాంటి డివైస్ అడ్మినిస్ట్రేటర్లే మాట్లాడతారు. మూడూ సెప్టెంబరులోనే.

"ఏదన్న ఒకదానికి టిక్కు పెట్టి ఇయ్యమ్మా, గింత పరేషాన్ ఎందుకు?" అన్నారు సార్.

ఎందుకంటే, నా పని మొత్తం ఒక బయటి ఏజెన్సీకి ఇచ్చేయాలని పైవాళ్లు చూస్తున్నారు. డిసెంబరులో తేలుస్తారట. సదస్సు నుంచి పనికొచ్చేది ఏదైనా తెస్తే నా ఉద్యోగం నిలవొచ్చు. తప్పుది ఎంచుకుంటే వాళ్లకు కారణం దొరుకుతుంది. నువ్వు ఇలాంటివి చూసినదానివి. ఏది?

నీ
సరిత


కోదాడ,
16 జూలై 2013

ప్రియమైన మొద్దూ,

నేను చూసింది ఒక్కటే, చెన్నైలో. మొదటి రోజంతా ఎవరు ఏం అమ్ముతున్నారో అర్థం కాలేదు. రెండో రోజు అర్థమైంది, అందరూ అమ్ముతున్నారు. వాళ్లిచ్చిన సంచిలో మా అమ్మ ఇప్పుడు చింతపండు దాస్తోంది.

వక్తల ఫొటోలు చూడకు. పోయిన నెల నీకొచ్చిన ఫిర్యాదులు ముందు పెట్టుకో. వాటిలో ఎక్కువ వాటికి ఎక్కడ సమాధానం దొరికేలా ఉంటే అక్కడికి పో.

మిర్యాలగూడ రైస్ మిల్లులో నా ఉద్యోగం ఎందుకు పోయిందో నీకు చెప్పలేదు. చెన్నైలో ఉన్నన్ని రోజులూ మిల్లు నుంచి ఒక్క ఫోన్ రాలేదు. అన్నీ సరిగ్గా పెట్టి వచ్చానని పొంగిపోయాను. తిరిగి వెళ్లాక సేటు అన్నాడు, "నువ్వు లేకున్నా నడిచింది గదమ్మా. ఇగ నువ్వెందుకు?" నెల తిరక్కముందే కోదాడ వచ్చి ఈ కాలేజీలో పడ్డాను.

అయినా నిన్ను వెళ్లమనే అంటాను. ఎందుకో అడగకు, నాకే తెలియదు.

నీ
సుజాత


సూర్యాపేట,
2 ఆగస్టు 2013

ఏమే సుజాతా,

నువ్వు చెప్పినట్టే చూశాను. బెంగళూరు తేలింది. సిగ్నల్ లేని ఊళ్లలో టాబ్లెట్లు ఎలా నడపాలో అక్కడ చెబుతారు. పాలకీడు వైపు తిరిగే మా ఫీల్డ్ వాళ్ల గొడవంతా అదే. ఒడ్డున పడ్డాననుకునేలోపు నీ మిల్లు కథ మళ్లీ ముంచింది.

ఆదివారం మా ఊరు పెన్‌పహాడ్ వెళ్లాను. నాన్న గొర్ల దొడ్డి దగ్గర ఉన్నాడు. బెంగళూరు అనగానే నవ్వాడు. "గన్ని రోజులు నీ మందను ఎవలకు అప్పజెప్తవ్ బిడ్డా?"

మా వాళ్లు పెళ్లికో పేరంటానికో ఊరెళ్లాలంటే, బదులు కాసేవాడిని ముందు కొన్నాళ్లు మంద వెంట తిప్పుకుంటారు. గొర్లు వాడి కేకకు అలవాటు పడాలి కదా. నేనూ అదే చేశాను. ఫ్రంట్ ఆఫీసులో ఉండే సువర్ణను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతున్నాను.

ఆ పిల్ల ఇట్టే పట్టేసింది. నేరేడుచర్లలో మా ఫీల్డ్ అతను ఒకరు షేర్ ఆటోలో టాబ్లెట్ మరిచిపోతే, నేను టీ తాగి వచ్చేలోపు దానికి తాళం వేసింది, ఎక్కడుందో చూసింది, ఆటో స్టాండుకు ఫోన్ చేసి తెప్పించింది. "అక్కా, గిది గింతేనా?" అని అడిగింది. గింతే అని ఒప్పుకోవాల్సి వచ్చింది.

నేర్పకపోతే వెళ్లలేను. నేర్పితే తిరిగి వచ్చేసరికి నా కుర్చీ ఉంటుందో లేదో. ఆమె నాకంటే తక్కువ జీతానికి చేస్తుందని సార్‌కు తెలుసు.

అయోమయంలో ఉన్న
సరిత


కోదాడ,
12 ఆగస్టు 2013

సరితా,

నేనూ బెంగళూరుకు పేరిచ్చాను. "మన టాబ్లెట్లలో పిల్లలు పాటలు వింటున్నారు, దానికి బెంగళూరు దాకా ఎందుకండీ?" అన్నారు ప్రిన్సిపాల్. వదలకుండా అడిగితే ఒప్పుకున్నారు. మనిద్దరికీ ఒకే గది చెప్పాను. సూర్యాపేట హాస్టల్ వదిలాక మనం తెల్లారేదాకా కబుర్లు చెప్పుకున్నదే లేదు.

పేరు ఇచ్చావా లేదా, అదొక్కటే రాయి.

సుజాత


సూర్యాపేట,
3 సెప్టెంబరు 2013

ప్రియమైన సుజాతా,

పేరు ఇచ్చాను. నాది కాదు, సువర్ణది.

తిట్టు, పడతాను. కానీ లెక్క చూడు. నేను లేకుండా నడిస్తే నేను అక్కర్లేదు. ఇక్కడే ఉండి నడిపిస్తే అక్కర ఉన్నదాన్ని. నేర్చుకొచ్చేది ఎవరైనా ఆఫీసుకే కదా వస్తుంది. "మంచి పని జేసినవ్, సిన్నోళ్లకు గూడ అవకాశం ఇయ్యాలె" అని సార్ అందరి ముందూ మెచ్చుకున్నారు. నా మనసులో ఉన్నది ఆయనకు తెలియదనే అనుకుంటున్నాను.

సువర్ణ హైదరాబాద్ దాటి ఎరగదు. గదిలో నా మంచం ఆమెకు ఇవ్వు. వాళ్లమ్మ ఉప్పలమ్మ ఆఫీసుకు వచ్చి "నీ మీద నమ్మకంతోనే తోలుతున్న బిడ్డా" అని నా చేయి పట్టుకుంది. ఆ చేయి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

నీ
సరిత


కోదాడ,
27 సెప్టెంబరు 2013

సరితా,

నీకు ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. రాయక తప్పని సంగతి ఒకటి జరిగింది.

బెంగళూరు సదస్సులో సిగ్నల్ లేని ఊళ్ల మీద ఒకాయన మాట్లాడుతుంటే సువర్ణ లేచింది. "సార్, మా పాలకీడు దిక్కు సిగ్నల్ కోసం ఆగితె పని ఖతం. మేం టాబ్లెట్లన్ని ఆటోల ఏసి నేరేడుచర్లకు పంపుతం. గాడ సిగ్నల్ ఉంటది, లెక్కలన్ని ఒక్కసారే ఎక్కుతయ్" అంది. సగం తెలుగు, సగం ఇంగ్లిష్. హాలంతా నవ్వింది. తర్వాత ఆయనే దగ్గరికొచ్చి వివరాలు అడిగాడు.

ఆ ఆటో ఏర్పాటు నీదే కదా. "మా సరితక్క పెట్టింది సార్" అని ఆమె చెప్పింది కూడా. నీ పేరు ఎవరూ రాసుకోలేదు. ఆమె నంబరు మాత్రం రెండు కంపెనీల వాళ్లు రాసుకున్నారు.

రాత్రి గదిలో ఆమె నీ గురించే మాట్లాడింది. నేను సగంలో నిద్ర నటించాను.

సుజాత


సూర్యాపేట,
24 నవంబరు 2013

ప్రియమైన సుజాతా,

నీ కోపం తగ్గిందో లేదో తెలియకుండానే రాస్తున్నాను.

సువర్ణ వెళ్లిపోయింది. ఆ రెండు కంపెనీల్లో ఒకటి బెంగళూరులో ఉద్యోగం ఇచ్చింది. వెళ్లేముందు మిఠాయి డబ్బాతో వచ్చి, "అక్కా, నువ్వు నీ పేరు తీసి నాది పెట్టినవ్. ఎవలు జేస్తరు గట్ల?" అని ఏడ్చింది. నిజం నోటిదాకా వచ్చింది. మిఠాయి పెట్టి మూసేసింది.

అప్పటికి ఈ పని తెలిసింది నాకొక్కదానికే. "సరిత లేకుంటె ఒక్క రోజు నడవదు" అని సార్ పైవాళ్లకు చెప్పి ఏజెన్సీ మాట ఆపించారు. ఉద్యోగం నిలిచింది. అదే నోటితో నాతో అన్నారు, "ఇగ నిన్ను మాత్రం ఎటూ పంపనమ్మా."

కోరుకున్నది దొరికింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. సంతోషం ఎందుకు రావడం లేదో అర్థం కాలేదు.

పోయిన నెల తారా అని కొత్త అమ్మాయి చేరింది. సార్ నన్ను లోపలికి పిలిచి చెప్పారు. "నేర్పితె పోతరమ్మా. జర సగమే నేర్పు." నేను తల ఊపి బయటికొచ్చాను. బయటికొచ్చాక గాని తట్టలేదు, నన్ను సదస్సుకు పంపనన్నది కూడా నేర్చుకుంటే పోతానన్న ఆ లెక్కనే అని. సెప్టెంబరులో నేను సువర్ణ పేరు రాసిన లెక్కా దాదాపు అదే, మనిషి కదలకుండా ఉంటేనే పని నిలుస్తుందని.

తారాకు మొత్తం నేర్పాను. తాళాలు, సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డులు, ఏదీ దాచలేదు. ఫిబ్రవరిలో పుణేలో సదస్సు ఉంది. నిన్న నా పేరు రాసి సార్ ముందు పెట్టాను.

"నువ్వు పోతె ఈడ ఎవలు సూస్తరు?"

"తారా చూస్తుంది సార్. అంతా నేర్పాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పోతె తిరిగొస్తవా?"

వస్తానని అనాలి. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "తెల్వది సార్."

"అబద్ధమన్న చెప్పొచ్చు గదమ్మా" అని సంతకం పెట్టారు.

నీ
సరిత