బూడిదరంగు మెడ కాకి

టోబర్మోరీ, మల్ దీవి
14 మే 2004

అన్నయ్యకు,

ఇవాళ అక్కడ అమ్మ సంవత్సరీకం సక్రమంగా జరిగిందని తలుస్తాను. డ్యూటీ రోటాలో మూడు రోజులు ఖాళీ దొరికితే ఎడిన్‌బర్గ్ నుంచి ఈ దీవికి వచ్చాం. రేవు వెంట రంగురంగుల ఇళ్లు, ఊళ్లో అలికిడే లేదు. పొద్దున మేం దిగిన ఇంటి ముందే ఒక నీటికుక్క రాతి మీద కూర్చుని పీతను నమిలింది.

తర్వాత మీ బావగారూ మాయా పఫిన్ పిట్టల్ని చూడటానికి పడవెక్కారు. "మమ్, ఆర్ యూ నాట్ కమింగ్?" అంది మాయ. తలనొప్పని అబద్ధమాడాను.

పోయినేడు నాకు సెలవు దొరకలేదు. పదో రోజున కాకి ఎంతసేపటికీ పిండం ముట్టలేదనీ, "చెల్లి వస్తుందిలే అమ్మా" అని నువ్వు మాటిచ్చాకే ముట్టిందనీ వదిన ఫోన్లో చెప్పింది. ఏడాదిగా ఆ మాట నన్ను వదల్లేదు. ఎడిన్‌బర్గ్ కాకులు ఒళ్లంతా నలుపు, వాటికి పెట్టబుద్ధి కాలేదు. ఇక్కడి కాకులకు మాత్రం మన కాకినాడ కాకుల్లాగే బూడిదరంగు మెడ.

ఇంటి నుంచి తెచ్చిన గారె ముక్క రేవు గోడ మీద పెట్టాను. వస్తానని నేనూ మాటిద్దామనుకున్నాను. నోరు తెరిచేలోపే ఒక కాకి వచ్చి, నా వైపోసారి చూసి, ముక్క తీసుకుని వెళ్లిపోయింది.

చూశావా అన్నయ్యా, అమ్మ నన్ను మాట కూడా అడగలేదు. అందుకే ఆగస్టులో వస్తున్నాను.

నీ చెల్లెలు