నూట ముప్ఫై ఎనిమిది మొహాలు

జూన్ 4, గురువారం

ఆర్డర్ వచ్చింది. నర్సింగ్ కాలేజీ సూపరింటెండెంట్ మేడమ్ స్వయంగా వచ్చి చెప్పింది. నూట ముప్ఫై ఎనిమిది మంది అమ్మాయిలు, ఐడీ కార్డు ఫోటోలు, పదిహేనో తారీఖు సోమవారం, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగులోపు అయిపోవాలి. సార్ తీయలేరు కదా, మరెవరు తీస్తారు అని అడిగింది. నేనే అన్నాను. నన్ను పైనుంచి కిందికి ఓసారి చూసింది. ఫోన్‌తో మాత్రం తీయొద్దు, పోయినేడు తీయిస్తే ఒక్క మొహమూ పోల్చుకునేట్టు లేదు అంది.

సార్ అంటే మా ఆయన. ఏప్రిల్‌లో స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటా పోయింది. ఒక్కటి మిగిలింది. రెడీ. ఇరవై రెండేళ్ళుగా ఫోటో నొక్కే ముందు అన్న మాట. ఇప్పుడు మంచినీళ్ళకీ రెడీయే, బాత్రూమ్‌కీ రెడీయే, నా మీద కోపానికీ రెడీయే. కోపం రెడీని నేను వంటింట్లోంచి కూడా గుర్తుపడతాను.

వెనక ఇల్లు, ముందు గది స్టూడియో. బావగారు, అంటే ఆయన అన్నయ్య, ఆ గదిని ఫోన్ కవర్లమ్మే అతనికి ఇచ్చేద్దామంటున్నారు. చెడ్డ మనిషి కాదు. నువ్వొక్కదానివి ఎన్నని చూసుకుంటావమ్మా అంటారు. డాక్టరేమో అలవాటైన పని మధ్య కూర్చోబెట్టండి, మాట వస్తే అక్కడే వస్తుంది అన్నాడు. అది నిజం. బెడ్‌రూమ్‌లో రోజంతా గోడవైపు తిరిగి పడుకునే మనిషి, చక్రాల కుర్చీలో స్టూడియోలోకి తీసుకొస్తే మెడ నిలబెట్టి కూర్చుంటాడు. లైట్లకేసి చూస్తాడు.

చివరికి బావగారు ఒక మాట ఇచ్చారు. కాలేజీ ఆర్డర్ సజావుగా అయితే స్టూడియో ఉంటుంది. కాకపోతే ఒకటో తారీఖున తాళాలు అతని చేతికి. సరే అన్నాను. స్టూడియో పోతే ఆయనకిక ఆ గోడే.

జూన్ 6, శనివారం

నేను ఫోటోగ్రాఫర్ని కాదు. ఇన్నేళ్ళూ నాది కటింగ్. ఆయన తీసినవి పాస్‌పోర్ట్ సైజుకి కత్తిరించి కవర్లో వేయడం. ఊళ్ళో సగం తలలు నా కట్టర్ కిందనుంచే వెళ్ళాయి. ఈ నెల రోజుల్లో నేర్చుకున్నది ఒక్కటే. వెనక స్క్రీన్ చూడు, మొహం చుట్టూ ఆకుపచ్చ చదరం పడగానే నొక్కు. అంతే నా విద్య.

పక్క షాపు టైలరమ్మని కూర్చోబెట్టి ముప్ఫై తీశాను. ఇరవై తొమ్మిదింటిలో కళ్ళు మూసుకుంది. అది నా తప్పు కాదు.

సాయంత్రం సర్దుళ్ళు. బ్యాటరీలు రెండూ ఛార్జింగ్‌కి పెట్టాను. వెనక కర్టెన్ ఉతికి ఆరేశాను. స్టూలు కాలికి మేకు కొట్టాను. స్ట్రోక్ రోజు ఆయనతోపాటు కింద పడ్డప్పటి నుంచి కెమెరాకి కన్ను ఆనించే నల్ల రబ్బరు ఊడొస్తోంది. హాస్పిటల్ నుంచి మిగిలిన తెల్ల ప్లాస్టర్ ముక్క చించి పైనుంచి గట్టిగా అంటించాను. మొహం అటు తిప్పుకునే అంటించాను. ఆ కన్నంలోకి నేను చూడను.

జూన్ 8, సోమవారం, ఉదయం 10

స్క్రీన్ నల్లగా ఉంది.

సాయంత్రం 4

ఇంకా నల్లగానే ఉంది. బ్యాటరీ మార్చాను. రెండోదీ మార్చాను. కార్డు తీసి తుడిచి పెట్టాను. వెలుతురు ఎక్కువై కనిపించడం లేదేమోనని దుప్పటి కప్పుకుని లోపల కూర్చుని చూశాను. చెమట పట్టింది, అంతే. ఆన్ చేస్తే చిన్న లైటు వెలుగుతోంది. నొక్కితే క్లిక్‌మంటోంది. కార్డు కంప్యూటర్లో పెడితే ఫోటో కూడా పడింది, సగం గోడ, సగం ఫ్యాను. అన్నీ పనిచేస్తాయి, నాకు చూపించడం మాత్రం మానేసింది.

వారం రోజులుంది. వారం రోజులే ఉంది.

జూన్ 9, మంగళవారం

రిపేరర్‌కి ఫోన్ చేశాను. మా ఆయన స్నేహితుడే, కానీ ఉండేది నాలుగు గంటల ప్రయాణం దూరంలో. ఓపిగ్గా ఒక్కొక్కటే అడిగాడు. బ్యాటరీ తీసి పది నిమిషాలాగి పెట్టావా వదినా అన్నాడు. పెట్టాను. డిస్‌ప్లే బటన్ నొక్కావా. వేలు నొప్పెట్టేదాకా. స్క్రీన్‌ని బయటికి లాగి తిప్పి మళ్ళీ మూశావా. మూశాను. తర్వాత అడిగాడు, వ్యూఫైండర్‌లో కన్ను పెడితే బొమ్మ కనిపిస్తోందా అని.

లేదన్నాను. అదీ నల్లగానే ఉందన్నాను.

అబద్ధం. నేను చూడలేదు.

అయితే లోపల బోర్డే పోయుంటుంది, కొరియర్ చేసెయ్, ఇరవై రోజుల్లో పంపిస్తా అన్నాడు. సరేనని పెట్టేశాను. మళ్ళీ చేసి నిజం చెబుదామనుకున్నాను. చెబితే, అయితే ఇప్పుడు చూడు అంటాడు.

ఇక్కడైనా రాసుకుంటాను. స్ట్రోక్ వచ్చిన రోజు పొద్దున పదకొండు దాటింది. ఆయన ఒక రిటైర్డ్ మాస్టారికి ఫోటో తీస్తున్నాడు. కన్ను ఆ కన్నంలో ఉంది. రెడీ అన్నాడు. నేను పక్కగదిలో కటింగ్ చేస్తున్నాను. క్లిక్ వినపడలేదు. ధబ్‌మని చప్పుడైంది. స్టాండు పడేశాడనుకుని, కాస్త చూసుకోవద్దూ, ఏం పడేశారక్కడ అని అరిచాను. అరిచి, చేతిలో ఉన్న షీటు పూర్తి చేశాకే లేచాను. ఒక షీటుకి ఎనిమిది ఫోటోలు. ఎనిమిది ముక్కలు కత్తిరించినంతసేపూ ఆయన నేలమీదే ఉన్నాడు. మాస్టారికి నోట మాట రాలేదట పాపం.

ఆయన బాగున్నప్పుడు చివరగా చూసింది అందులోంచి. దాంట్లో కన్ను పెట్టడం నా వల్ల కాదు.

జూన్ 10, బుధవారం

ఇవాళా నలుపే.

జూన్ 11, గురువారం

మెయిన్‌రోడ్డు స్టూడియో అతన్ని నాలుగు రోజులకి కెమెరా ఇమ్మని అడిగాను. కెమెరా ఇవ్వడట గానీ ఆర్డర్ తీసుకుంటాడట. మీరు సార్‌ని చూసుకోండి, అమ్మాయిల సంగతి నేను చూసుకుంటా అన్నాడు. ఎంత మంచివాడో.

స్క్రీన్ లేకుండా తీయడం ప్రాక్టీస్ చేద్దామనుకున్నాను. స్టాండు ఎత్తు కొలిచి, నేలమీద సుద్దతో గీత గీసి, టైలరమ్మని కూర్చోబెట్టి అంచనాగా నొక్కాను. ఇరవై తీస్తే పద్నాలుగింటిలో నుదురు లేదు, నాలుగింటిలో గడ్డం లేదు, రెండింటిలో టైలరమ్మే లేదు. ఇన్నేళ్ళు పద్ధతిగా తలలు కత్తిరించిన దాన్ని ఇవాళ నిజంగానే కత్తిరించాను. ఆవిడ ఫోటోలు చూసి, నువ్వు ఆ పిల్లల్తో ఇలా ఆడుకోకు తల్లీ అని లేచి వెళ్ళిపోయింది.

ఒకసారి ఆ రబ్బరు లోపల ఏదో మెరిసినట్టనిపించింది. లైటు పడి ఉంటుంది. మొహం తిప్పేసుకున్నాను.

ఇదంతా ఆయన కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఎడమ చెయ్యి చాచి రెడీ, రెడీ అంటూనే ఉన్నాడు. కెమెరా కావాలని తెలుస్తూనే ఉంది. నిన్న టీ గ్లాసు పట్టుకోలేక ఒళ్ళంతా పోసుకున్న మనిషికి దీన్నెలా ఇవ్వను? ఇవ్వనన్నాను. కోపం రెడీ మొదలుపెట్టాడు. నాకూ ఒళ్ళు మండింది. రెడీ రెడీ అని నా ప్రాణం తీయకండి, ఎవరు రెడీ, ఏది రెడీ అని అరిచాను. తనే చక్రం తిప్పుకుని వెనక్కి వెళ్ళబోయాడు. ఒక్క చేత్తో తిప్పితే కుర్చీ ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. అలా రెండు చుట్లు తిరిగాడు. నేను లేచి ఆపేసరికి కళ్ళనిండా నీళ్ళు. ఆయనవీ, నావీ.

జూన్ 12, శుక్రవారం

బావగారితో చెప్పేశాను. కెమెరా పోయిందండీ, నావల్ల కాదండీ అన్నాను. తిడతారనుకున్నాను. తిట్టుంటే బాగుండేది. పోనీలేమ్మా, నువ్వు చేయగలిగింది చేశావు అన్నారు. వెళ్తూ వెళ్తూ గది వెడల్పు అడుగులతో కొలిచారు. ఫోన్ కవర్లతను అడిగాడట.

కాలేజీ మేడమ్ నంబర్ మూడుసార్లు నొక్కాను. మూడుసార్లూ రింగవకముందే కట్ చేశాను. రేపు శనివారం, కాలేజీ పన్నెండుకే మూస్తారు, ఆలోపు చెప్పాలి. ఆవిడ ఇంకెవరినో చూసుకోవాలి కదా.

ఆయన పొద్దుట్నుంచీ గోడవైపు తిరిగి ఉన్నాడు. స్టూడియోలోకి వెళ్దామా అంటే కళ్ళు మూసుకున్నాడు. రెడీ కూడా అనలేదు. ఆ ఒక్క మాటా నేనే పోగొట్టానా?

దేవుడా, నాకేదైనా దారి చూపించు. నాకేమీ తోచడం లేదు.

జూన్ 13, శనివారం, ఉదయం 11.30

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

పొద్దున కర్టెన్ విప్పడం మొదలుపెట్టాను. ఎలాగూ విప్పాల్సిందే, ఒకటో తారీఖు దాకా ఎందుకు అని. ఆయన్ని తీసుకొచ్చి కూర్చోబెట్టాను, తల అడ్డంగా ఊపినా వినలేదు. చూడనీ, ఇదే ఆఖరు అనుకున్నాను. కర్టెన్ సగం దిగేసరికి రెడీ అన్నాడు. గట్టిగా. చెయ్యి మళ్ళీ కెమెరా వైపు.

నాకు తిక్కరేగింది. తీసుకోండి, మీదే కదా, పగలగొట్టుకోండి, మీ మొహం చూసి అది వెలుగుతుందేమో చూస్తాను అని స్టాండు మీంచి ఊడబీకి ఒళ్ళో పడేశాను. తాడు మాత్రం ఆయన మెడలో వేశాను. ఎంత కోపంలోనూ అది మర్చిపోలేదు.

ఆయన కెమెరాని తలకిందులుగా తిప్పాడు. ఏది పైనో ఏది కిందో కూడా తెలియడం లేదు అనుకున్నాను. అలా తలకిందులుగానే ఎడమచేత్తో ఎత్తి కంటికి ఆనించుకున్నాడు. అప్పుడు అర్థమైంది. నొక్కే బటన్ కుడివైపుంటుంది. తిరగేస్తే ఎడమచేతి కిందికి వస్తుంది. మనిషికి అంతా తెలుసు.

రెడీ అన్నాడు. ఇది వేరే రెడీ. రెండు నెలలుగా విననిది. కస్టమర్లతో అనేది. కర్టెన్ చేత్తో పట్టుకుని స్టూలు మీద అలాగే నిలబడ్డాను. గడ్డం కొంచెం కిందికి అన్నట్టు తల ఊపాడు. దించాను. క్లిక్.

నవ్వాడు. ఒకవైపే నవ్వాడు, కానీ నవ్వాడు.

పాపం నల్లటి దాంట్లోకి చూసి నొక్కి సంబరపడుతున్నాడనుకున్నాను. ఆయన సంతోషం కోసం కార్డు కంప్యూటర్లో పెట్టాను. ఫోటోలో నేను తలకిందులుగా ఉన్నాను. తిప్పి చూశాను. తలపైన రెండు వేళ్ళ జాగా, గడ్డం కింద భుజాల దాకా, మొహం సరిగ్గా నడిమధ్యన. కట్టర్ పెడితే వెంట్రుకవాసి కూడా మార్చనక్కర్లేదు. గుడ్డిగా నొక్కితే ఇలా రాదు. నేను ఇరవైసార్లు నొక్కాను, నాకు తెలుసు.

చూసి తీశాడు. ఆయనకి కనిపించింది.

వెనక్కి వెళ్ళేసరికి కార్డు కోసం కెమెరా నా వైపు చాచి పట్టుకుని ఉన్నాడు. కార్డు పెట్టాను. ఆయన దాన్ని వెనక్కి తీసుకోలేదు. నా కళ్ళవైపే ఎత్తాడు. నేను వెనక్కి జరిగాను. ఇంకా ఎత్తాడు. దించడం లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, మొహం ఆనించి, తర్వాత ఒక కన్ను తెరిచాను.

పట్టపగల్లా ఉంది లోపల. అంకెలు, గీతలు, ఆకుపచ్చ చదరం. చదరంలో ఆయన మొహం. చెంప ఒకపక్క జారి, గడ్డం పెరిగి, నా కోసం ఎదురుచూస్తూ. ఈ వారమంతా అది వెలుగుతూనే ఉంది. నేనే చూడలేదు.

ఏం పడేశారని అరిచానండీ ఆ రోజు, ఎనిమిది ముక్కలూ కత్తిరించాకే లేచానండీ అని ఆయన ఒళ్ళో తలపెట్టి చెప్పేశాను. విన్నాడో, ఇదివరకే తెలుసో. ఎడమచేత్తో నా తలమీద తట్టి రెడీ అన్నాడు.

పన్నెండుకి ఇంకా పావుగంట ఉంది. మేడమ్‌కి ఫోన్ చేయను. బావగారికి చేస్తాను. కర్టెన్ మళ్ళీ కట్టాలి.

జూన్ 15, సోమవారం

నూట ముప్ఫై ఆరు. ఇద్దరు జ్వరంతో రాలేదట, గురువారం పంపిస్తారట.

కుడికన్ను వాచిపోయింది, నడుము నాది కాదు. అన్నీ ఆ కన్నంలోంచే తీశాను. మొదటి పదిమందిని లెక్కపెట్టుకున్నాను, తర్వాత మొహాలు తప్ప ఇంకేమీ గుర్తులేదు. ఆయన నా పక్కన కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరికీ రెడీ అన్నాడు. ఆ రెడీకి అమ్మాయిలు కళ్ళు తెరిచి నిటారుగా కూర్చున్నారు. ఒక పొట్టి పిల్ల లేచి వెళ్తూ థాంక్యూ సార్ అంది ఆయనతో. నాతో అనలేదు. నాకేం బాధ లేదు.

బావగారు మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అమ్మాయిలు చెప్పులెక్కడ పెట్టాలో తెలియక తొక్కిసలాడుతుంటే బావగారే కూర్చుని జతలు సర్దారు. వెళ్ళేటప్పుడు ఆ ఫోన్ కవర్లతనికి వేరేచోట చూసుకోమని చెప్పేస్తానమ్మా అన్నారు.

జూన్ 17, బుధవారం

రిపేరర్ ఫోన్ చేశాడు, కెమెరా ఇంకా రాలేదేమని. వ్యూఫైండర్ బాగానే ఉందని నిజం చెప్పాను. పగలబడి నవ్వాడు. ఆ కన్నం పైన చిన్న సెన్సర్ ఉంటుందట. దానికేదైనా అడ్డం పడితే ఎవరో కన్ను పెట్టి చూస్తున్నారనుకుని కెమెరా బయటి స్క్రీన్ ఆపేస్తుందట.

ప్లాస్టర్ పీకాను. స్క్రీన్ వెలిగింది.

మళ్ళీ అంటించాను.