రెండు చరఖాల పతంగి

జనవరి 3
తీర్మానం. ఈ సీజన్‌లో ఎవరి పతంగీ కోయను. నిరుడు ఎదురింటి పాల ప్రహ్లాద్ పతంగి కోసి, ‘అఫా’ అని అరుస్తూ పళ్లెం వాయించాను. మర్నాటి నుంచి ఆయన మాకు పాలు పోయడం మానేశాడు. ఏడాదిగా ఇంట్లో ప్యాకెట్ పాల చాయే. నా భార్య యశోద తేల్చి చెప్పింది: “ఈసారి లొల్లి అయ్యిందంటె మిద్దె తాళంచెవి నా కొంగుకే.”

అందుకే స్టంట్ పతంగి తెప్పించాను. రెండు దారాలు, మాంజా ఉండదు. ఎవరినీ కోయదు, ఆకాశంలో గిరికీలు కొడుతుంది. ప్రహ్లాద్‌కు కూడా చెప్పి వచ్చాను.

జనవరి 4
పొద్దున్నే గేదె పాలు వచ్చాయి! మా బాపు రెండు చాయ్‌లు తాగాడు. నేను పూర్తిగా మారిపోయాను.

జనవరి 6
పతంగి పెట్టెలో దారాలు పట్టుకోవడానికి రెండు చేతిపట్టీలు వచ్చాయి. చేతులకు పట్టీలు కట్టుకుని పతంగి ఎగరేస్తే ఉప్పుగూడలో పరువేం కాను? కత్తిరించి పారేశాను. ఒక్కో దారాన్నీ ఒక్కో చరఖాకు చుట్టాను. కుడి చరఖా యశోదకు, ఎడమది బాపుకు. మధ్యలో రెండు దారాలూ పట్టుకుని నేను.

లేచింది. బాపు అలవాటు కొద్దీ దారం వదిలాడు. పతంగి గిర్రున తిరిగి వెళ్లి నీళ్ల ట్యాంకును గుద్దింది.

“ఢీల్ ఇయ్యకు మామా” అంది యశోద.

“ఢీల్ ఇయ్యకుంటె పతంగి ఎట్ల ఎగురుతది బిడ్డా?”

జనవరి 9
గాలి లేదు. ఉంది కానీ మా మిద్దె మీదికి రావడం లేదు, ట్యాంకులు అడ్డం. బాపుకు మోకాళ్ల నొప్పులు. అటక మీది పాత పతంగులు దించాను. ఎలుకలు కొట్టాయేమో చూద్దామని, అంతే.

జనవరి 11
ప్రహ్లాద్ తన మిద్దె మీద నుంచి అడిగాడు: “ఏంది మహేందర్, ఒక్క పతంగికి ముగ్గురా?”

నేను నవ్వాను. బాపు నవ్వలేదు. ఎందుకైనా మంచిదని ఒక పాత పతంగికి మాంజా కట్టి గోడకు ఆనించి పెట్టాను. ఎగరేయడానికి కాదు.

జనవరి 14
ఎగిరింది. గుండ్రంగా ఒక చుట్టు కొట్టింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అంతలో ప్రహ్లాద్ పతంగి దూసుకొచ్చి బాపు వైపు దారం కోసేసింది. ఎదురు మిద్దె మీద పళ్లెం మోగింది. “అఫా!”

తీర్మానం గుర్తు చేసుకుంటూ కాసేపు నిలబడ్డాను. ఆ కాసేపూ చాలా తక్కువ. గోడ దగ్గరికి పోతే పాత పతంగి లేదు. యశోద చేతిలో ఉంది. ఆమె ధూల్‌పేట్‌లో పతంగులు చేసే ఇంటి ఆడబిడ్డ. పెళ్లయ్యాక ఎగరేయగా ఒక్కసారీ చూడలేదు. కొంగు దోపి, చరఖా బాపుకు ఇచ్చి, పతంగిని పైకి లేపింది.

“మామా, ఇగ ఇప్పుడియ్యి ఢీల్.”

ప్రహ్లాద్ పతంగి తెగి రైలు పట్టాల వైపు పోయింది. పళ్లెం నేనే వాయించాను.

జనవరి 15
పాలు రాలేదు.

“లొల్లి చేసింది నువ్వు గద. తాళంచెవి నాకియ్యి” అన్నాను.

“లొల్లి అయితే నా కొంగుకే అన్న. అయ్యింది” అంటూ ముడి వేసుకుని మిద్దె ఎక్కింది. మోకాళ్ల నొప్పుల బాపు చరఖా పట్టుకుని ఆమె వెనకాలే ఎక్కాడు.

నేను ప్యాకెట్ పాలకు బయల్దేరాను. తీర్మానం మళ్లీ మొదలు: రేపటి నుంచి ఎవరి పతంగీ కోయను. ఈసారి తప్పకుండా నిలబడతాను. తాళంచెవి నా దగ్గర లేదు కదా.